జీన్ ఆంటాలజీ

జీన్ ఆంటాలజీ అనేది జన్యువులు చేసే పనులను, కణంలో జరిగే ప్రక్రియలను వర్ణించడానికి శాస్త్రవేత్తలు ఉమ్మడిగా ఏర్పరచుకున్న ప్రామాణిక పదజాలం. ఇందులో ప్రతి భావానికీ ఒక పేరు, ఒక నిర్వచనం, ఎన్నటికీ మారని ఒక సంఖ్య ఉంటాయి. ఈస్టు, ఈగ, ఎలుక, వరి, మనిషి - ఏ జీవిని గురించి వ్రాసినా ఒకే పనికి ఒకే పదం వాడాలన్నది దీని మూలసూత్రం. 1998లో మొదలైన ఈ ప్రయత్నం జన్యుశాస్త్రంలో అత్యధికంగా వాడబడే సమాచార వనరులలో ఒకటిగా ఎదిగినది. 2020ల దశకంలో ఇందులోని పదాల సంఖ్య సుమారు 40 వేలు.

ఆంగ్లంలో దీనిని రెండక్షరాలకు కుదించి జీఓ అని వ్రాస్తారు. జీఓ అనగానే తెలుగువారికి సచివాలయం నుండి వెలువడే ప్రభుత్వ ఉత్తర్వు గుర్తుకు వస్తుంది. ఈ పోలిక కొంతవరకు పనికివస్తుంది కూడా. ఉత్తర్వును దాని సారాంశంతో కాక సంఖ్యతో ఉదహరించినట్లే, ఇక్కడ కూడా పదాన్ని సంఖ్యతో ఉదహరిస్తారు. ఐతే ఉత్తర్వుల సంఖ్యలు శాఖకొకటిగా ఉండి ఏటా మళ్ళీ ఒకటి నుండి మొదలవుతాయి. జీన్ ఆంటాలజీ సంఖ్య మాత్రం ఒకసారి కేటాయించిన తరువాత మరొక భావానికి ఇవ్వబడదు.

ఈ వ్యాసంలోని ఉదాహరణలలో అధికభాగం పట్టుపురుగు నుండి తీసుకొనబడినవి. హిందూపురం, ధర్మవరం ప్రాంతాలకు పట్టు జీవనాధారం కావడం, హైదరాబాదులోనూ హిందూపురం వద్దా పట్టుపురుగు జన్యువులపై పరిశోధన జరిగి ఉండడం ఇందుకు కారణాలు. ఈ పదజాలం బలమూ, బలహీనతా రెండూ పట్టుపురుగు విషయంలో స్పష్టంగా కనిపిస్తాయి.

పేర్ల చిక్కు

శ్రీ సత్యసాయి జిల్లాలోని గుడిబండ మండలం కర్ణాటక సరిహద్దున ఉన్నది. 2022 వరకు ఇది అనంతపురం జిల్లాలోనిది. ఈ ప్రాంతంలో తెలుగు, కన్నడం రెండూ వినిపిస్తాయి. పట్టుపురుగుకు వైరసు సోకి శరీరంలోని ద్రవం పాలవలె తెల్లగా మారే జబ్బును తెలుగు రైతు పాలరోగం అంటాడు. సరిహద్దుకు అవతలి రైతు హాలుతొండె అంటాడు. పట్టుపరిశ్రమ శిక్షణ పుస్తకాలలో దీని పేరు గ్రాసరీ. వైరసు శాస్త్రవేత్త న్యూక్లియోపాలీహెడ్రోసిస్ అని వ్రాస్తాడు. నలుగురూ చెప్పేది ఒకే జబ్బు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే రెండు నిమిషాలలో ఈ సంగతి తేలిపోతుంది. కానీ నాలుగు చోట్ల నాలుగు పేర్లతో నమోదైన సమాచారాన్ని కంప్యూటరు ఒకటిగా గుర్తించలేదు.

దీనికి విపరీతమైన చిక్కు కూడా ఉన్నది. కర్ణాటకలోని చిక్కబళ్ళాపుర జిల్లాలో గుడిబండె అనే మరొక ఊరు కలదు. ఒకే పేరు, రెండు ఊళ్ళు. ఉత్తరం సరైన ఊరికి చేరాలంటే పిన్ కోడు కావాలి.

జీవశాస్త్రంలో ఈ రెండు చిక్కులూ నిత్యం ఎదురవుతాయి. కణంలో రిబోజోములపై ప్రోటీన్లు తయారుకావడాన్ని ఒకరు అనువాదం అంటారు, మరొకరు ప్రోటీను సంశ్లేషణ అంటారు. పేర్లు రెండు, పని ఒకటి. మొగ్గ అనే మాట ఇందుకు విరుద్ధం. ఈస్టు శాస్త్రవేత్తకు మొగ్గ అంటే తల్లికణం నుండి పుట్టే పిల్లకణం, వృక్షశాస్త్రవేత్తకు పువ్వుగానో కొమ్మగానో మారబోయే భాగం, ఎలుక పిండాన్ని పరిశీలించేవారికి దంతం మొలవబోయే చోటు. మొగ్గ ఏర్పడడానికి ఏ జన్యువులు కావాలి అని వెతికితే ఈ మూడింటి జన్యువులూ కలగాపులగంగా వస్తాయి.

చరిత్ర

1996లో ఈస్టు, 1998లో ఒక సూక్ష్మమైన నులిపురుగు, 2000లో డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ - ఇలా ఒక్కొక్క జీవి జన్యుసర్వస్వం బయటపడసాగినది. ఈ జీవుల మధ్య ఎంత తేడా ఉన్నా, కణాన్ని నడిపే మౌలికమైన జన్యువులు వాటిలో ఒకదానినొకటి పోలి ఉన్నాయని తెలిసినది. ఈస్టులో ఒక జన్యువు పని తెలిస్తే మనిషిలో దానికి జోడైన జన్యువు పనిని ఊహించవచ్చును. ఐతే ఒక్కొక్క జీవికి ఒక్కొక్క సమాచార కోశం, ఒక్కొక్క దానికి తనదైన పరిభాష ఉండేవి.

1998లో కెనడాలోని మాంట్రియాల్‌లో జరిగిన ఒక శాస్త్రీయ సమావేశం సందర్భంగా, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన ఈగ జన్యుశాస్త్రవేత్త మైకేల్ ఆష్‌బర్నర్ ఉమ్మడి పదజాలాన్ని ప్రతిపాదించాడు. పండ్ల ఈగ, ఈస్టు, ఎలుకల సమాచార కోశాలను నిర్వహించేవారు దీనికి అంగీకరించి జీన్ ఆంటాలజీ కాన్సార్టియంగా ఏర్పడ్డారు. సుజానా లూయిస్, జుడిత్ బ్లేక్, మైకేల్ చెర్రీ మొదలైనవారు ఇందులో తొలినుండి ఉన్నారు. వీరి మొదటి వ్యాసం 2000 మే నెలలో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ప్రచురితమైనది. తరువాత ఇతర జీవుల సమాచార కోశాలు ఒక్కొక్కటిగా చేరాయి. ఆష్‌బర్నర్ 2023లో మరణించాడు.

ఆంటాలజీ అనే మాట తత్త్వశాస్త్రం నుండి వచ్చినది. ఉన్నవి ఏవి, వాటి మధ్య సంబంధాలు ఏవి అని విచారించే శాఖకు ఆ పేరు. కంప్యూటరు శాస్త్రజ్ఞులు దీనిని అరువు తెచ్చుకుని, ఒక రంగంలోని భావాలనూ వాటి సంబంధాలనూ యంత్రానికి అర్థమయ్యేలా వ్రాసిపెట్టిన పట్టికకు ఈ పేరు పెట్టారు. కనుక జీన్ ఆంటాలజీ కేవలం నిఘంటువు కాదు. నిఘంటువులో పదాలు అక్షరక్రమంలో ఉంటాయి. ఇందులో బంధుత్వక్రమంలో ఉంటాయి.

మూడు విభాగాలు

ఏ జన్యువు గురించైనా ఈ పదజాలం మూడు ప్రశ్నలు వేస్తుంది. దాని నుండి తయారైన ప్రోటీను లేక ఆర్‌ఎన్‌ఏ స్వయంగా చేసే పని ఏమిటి? ఇది అణు కార్యం. ఆ పని ఏ పెద్ద కార్యక్రమంలో భాగం? ఇది జీవ ప్రక్రియ. ఆ పని కణంలో ఎక్కడ జరుగుతుంది? ఇది కణ స్థానం. ఈ మూడూ మూడు వేర్వేరు చెట్లు. మొదటి దాని మూలపదం జీఓ:0003674, రెండవది జీఓ:0008150, మూడవది జీఓ:0005575.

పట్టుదారాన్నే తీసుకుందాం. పట్టుపురుగు శాస్త్రీయనామం బాంబిక్స్ మోరీ. దీని పట్టుగ్రంథి వెనుకభాగంలో ఫైబ్రోయిన్ అనే ప్రోటీను, నడిమిభాగంలో దారాన్ని అంటించే జిగురువంటి సెరిసిన్ తయారవుతాయి. ఫైబ్రోయిన్ ఒకే ప్రోటీను కాదు. భారీ గొలుసు, తేలిక గొలుసు, పీ25 అనే మూడు ప్రోటీన్లు 6:6:1 నిష్పత్తిలో కూడిన సముదాయం. వీటి జన్యువులు మూడు వేర్వేరు క్రోమోజోములపై - వరుసగా 25, 14, 2వ క్రోమోజోములపై - ఉన్నాయి.

భారీ గొలుసు అణు కార్యం నిర్మాణ సంబంధమైనది. అది దారానికి బలాన్నిస్తుంది. తేలిక గొలుసు పని వేరు. అది భారీ గొలుసుకు గంధకపు బంధంతో అతుక్కుని, ఆ పెద్ద ప్రోటీను కణం దాటి బయటకు పోవడానికి తోడ్పడుతుంది. కనుక దానిని జీవ ప్రక్రియ చెట్టులో ప్రోటీను స్రావం వైపు చేర్చడం సబబు. కణ స్థానం విషయానికి వస్తే రెండూ కణంలో తయారైనా చివరకు చేరేది కణం వెలుపలి ప్రదేశానికి. దాని సంఖ్య జీఓ:0005576.

తేలిక గొలుసు పని ఎలా తెలిసినది? పట్టుపురుగులలో కొన్ని ఉత్పరివర్తన రకాలు సరైన గూడు కట్టలేవు. వీటిలో ఒక రకంలో తేలిక గొలుసు జన్యువు చెడి ఉన్నదని జపాను శాస్త్రవేత్తలు కనుగొన్నారు. భారీ గొలుసు తయారవుతున్నా బయటకు రావడం లేదు. పురుగు అల్లే పలుచని గూటిలో దాదాపు సెరిసిన్ మాత్రమే ఉంటుంది. రీలింగు చేసేవారికి అది పనికిరాని గూడు. శాస్త్రవేత్తకు మాత్రం ఒక జన్యువు పనిని చెప్పిన గూడు.

సంఖ్యలు, సంబంధాలు

ప్రతి పదానికీ జీఓ అనే అక్షరాల తరువాత ఏడు అంకెల సంఖ్య ఉంటుంది. కణకేంద్రకం సంఖ్య 0005634. ఈ అంకెలలో అర్థమేదీ దాగి లేదు. ఉదాహరణకు 0006914 అనేది కణం తన భాగాలను తానే జీర్ణించుకునే ఆటోఫేజీ. దాని పక్కనున్న 0006915 అనేది కణం క్రమపద్ధతిలో తనను తాను అంతం చేసుకునే అపాప్టోసిస్. సంఖ్యలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఇవి అన్నదమ్ములు కావు. పట్టుపురుగు గూడు కట్టి ప్యూపాగా మారాక, పని తీరిన పట్టుగ్రంథి కరిగిపోవడంలో ఈ రెండు ప్రక్రియలూ కనిపిస్తాయి. తెలుగులో రెండింటినీ కణ మరణం అని ఒకే మాటతో చెప్పడం పరిపాటి. అక్కడే తేడా మరుగున పడిపోతుంది.

సంఖ్యకు అర్థం లేకపోవడమే దాని బలం. 0006915కు తొలుత అపాప్టోసిస్ అనే పేరుండేది. తరువాత దానిని అపాప్టోటిక్ ప్రక్రియ అని మార్చారు. పాత పేరును పర్యాయపదంగా ఉంచారు. సంఖ్య మారలేదు గనుక దానిని వాడిన పాత సమాచారమంతా చెక్కుచెదరలేదు. ఒక పదం పనికిరాదని తేలితే దానిని కాలం చెల్లినదిగా గుర్తిస్తారే తప్ప సంఖ్యను చెరిపివేయరు.

పదాల మధ్య సంబంధాలు కొన్ని రకాలు. "ఒక రకం" అనేది మొదటిది: వైరసుపై రక్షణ చర్య, రక్షణ చర్యలలో ఒక రకం. "ఒక భాగం" అనేది రెండవది: మైటోకాండ్రియా లోపలి పొర, మైటోకాండ్రియాలో ఒక భాగం. అదే పొర, పొరలలో ఒక రకం కూడా. అంటే ఒక పదానికి ఒకరికంటే ఎక్కువ తల్లులు ఉండవచ్చును. అందుచేత దీనిని చెట్టు అనడం సౌలభ్యం కోసమే. గణితశాస్త్ర పరిభాషలో ఇది చక్రాలు లేని దిశాత్మక రేఖాజాలం: ఎటునుంచి పైకి ఎక్కినా మూలానికి చేరుతాము, తిరిగి బయలుదేరిన చోటికి రాము.

ఈ రెండు సంబంధాలలోనూ పాటించవలసిన నియమం ఒకటున్నది. కింది పదం ఒక జన్యువుకు వర్తిస్తే, దానిపై ఉన్న పదాలన్నీ వర్తించాలి. గుడిబండ వాసి శ్రీ సత్యసాయి జిల్లా వాసి, ఆంధ్ర ప్రదేశ్ వాసి అయినట్లే. ఎక్కడైనా ఇది పొసగకపోతే తప్పు పదాల అమరికలో ఉన్నట్లు, అమరికను సరిదిద్దాలి.

"నియంత్రణ" అనే మూడవ సంబంధం ఇలా కాదు. అపాప్టోసిస్‌ను అదుపుచేసే ప్రోటీను అపాప్టోసిస్‌లో పాల్గొన్నట్లు కాదు. చెరువు తూము తెరిచే నీరుగంటి పొలానికి నీరు ఎంత పోవాలో నిర్ణయిస్తాడు. అంతమాత్రాన అతడు పొలం దున్నినట్లు కాదు.

సాక్ష్యం

పదజాలం ఒకటి, దానిని జన్యువులకు తగిలించడం మరొకటి. రెండవ దానిని వ్యాఖ్యానం అనవచ్చును. ప్రతి వ్యాఖ్యానంలోనూ జన్యువు పేరు, పదం సంఖ్య, ఆధారమైన పరిశోధనావ్యాసం, సాక్ష్యం ఎటువంటిదో తెలిపే సంకేతం ఉండాలి. విద్యార్థులు తరచుగా చూడక వదిలేసేది ఈ చివరి సంకేతాన్నే. నిజానికి మొదట చూడవలసినది అదే.

ఐడీఏ అంటే ప్రయోగంలో ప్రత్యక్షంగా గమనించినది. ఐఎంపీ అంటే ఉత్పరివర్తన రకాన్ని పరిశీలించి తెలుసుకున్నది. పైన చెప్పిన తేలిక గొలుసు ఉదాహరణ ఈ కోవలోనిది. ఐఎస్ఎస్ అంటే మరొక జీవిలోని జన్యువుతో పోలికను బట్టి ఊహించినది. ఎన్‌డీ అంటే వెతికినా సమాచారమేమీ దొరకలేదని అర్థం. ఐఈఏ అంటే విడివిడిగా ఏ మనిషీ సరిచూడకుండా, కంప్యూటరు తనంతట తాను తగిలించినది. అన్ని జీవులనూ కలిపి చూస్తే వ్యాఖ్యానాలలో అత్యధిక భాగం ఈ చివరి రకానికి చెందినవే.

2009లో కాన్సార్టియం పన్నెండు జీవులను ఎంచుకుని, వాటి జన్యువులను క్షుణ్ణంగా వ్యాఖ్యానించే కార్యక్రమాన్ని ప్రకటించినది. మనిషి, చిట్టెలుక, ఎలుక, కోడి, జీబ్రా చేప, పండ్ల ఈగ, నులిపురుగు, రెండు రకాల ఈస్టులు, అరబిడాప్సిస్ మొక్క, డిక్టియోస్టీలియం అనే జిగురుబూజు, ఈ. కోలై సూక్ష్మజీవి - ఇవీ ఆ పన్నెండు. పట్టుపురుగు ఇందులో లేదు. కనుక పట్టుపురుగు జన్యువు పక్కన కనిపించే వ్యాఖ్యానం చాలావరకు ఈగ నుండి వారసత్వంగా వచ్చినది. ఈగ రెండు రెక్కలది, పట్టుచిలుక నాలుగు రెక్కలది. ఈ రెండు వంశాలు విడిపోయి కోట్ల సంవత్సరాలు గడిచాయి. కణ విభజన, ప్రోటీను తయారీ వంటి మౌలిక విషయాలలో ఈ అరువు చక్కగా చెల్లుతుంది. అన్ని విషయాలలోనూ చెల్లదు.

లింగ నిర్ణయం ఇందుకు తగిన ఉదాహరణ. ఈగలో ఆడవి ఎక్స్ఎక్స్, మగవి ఎక్స్‌వై. సెక్స్-లీథల్ అనే జన్యువు మొదటి మీట. అది ట్రాన్స్‌ఫార్మర్ అనే జన్యువును, అది డబుల్‌సెక్స్ అనే జన్యువును నడుపుతాయి. పట్టుపురుగులో ఆడవి జెడ్‌డబ్ల్యు, మగవి జెడ్‌జెడ్. ఇక్కడ కూడా డబుల్‌సెక్స్ ఉన్నది. ఐతే ఈగలో పైనుండి ఆదేశం లేకపోతే అది మగ రూపం తీసుకుంటుంది. పట్టుపురుగులో ఆడ రూపం తీసుకుంటుంది. పట్టుపురుగులో మొదటి మీట ఏదో చాలాకాలం అంతుచిక్కలేదు. 2014లో జపాను శాస్త్రవేత్తలు దానిని కనుగొన్నారు. డబ్ల్యు క్రోమోజోము నుండి వచ్చే ఫెమ్ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ, జెడ్ క్రోమోజోముపై ఉన్న మాస్క్ అనే జన్యువు సందేశాన్ని నాశనం చేసి పిండాన్ని ఆడదిగా మారుస్తుంది. ఫెమ్ నుండి ఏ ప్రోటీనూ తయారుకాదు. ఈగలో దీనికి జోడు లేదు. పోలికను మాత్రమే నమ్ముకున్న కంప్యూటరు దీనిని ఎన్నటికీ కనుగొనలేకపోయేది.

మరి సెక్స్-లీథల్ సంగతి? దానిని పోలిన జన్యువు పట్టుపురుగులోనూ ఉన్నది. పోలికను బట్టి దానికి లింగ నిర్ణయం అనే పదం తగిలించడం చాలా సులభం. కానీ పట్టుపురుగులో అది లింగాన్ని నిర్ణయించే మీట కాదు. చిలుకలలోని మగవాటిలో రెండు రకాల శుక్రకణాలు ఉంటాయి. కేంద్రకం లేని రెండవ రకం ఏర్పడడానికి ఈ జన్యువు అవసరమని 2019లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. ఒకే పోలిక గల జన్యువు, వేరే ఉద్యోగం.

ఇది పుస్తకాలకే పరిమితమైన చర్చ అనుకోనక్కరలేదు. ఆడ ప్యూపాలు గుడ్లతో బరువుగా ఉంటాయి; గూటి మొత్తం బరువులో పట్టు పాలు మగవాటిలోనే ఎక్కువ. మగ పురుగులను మాత్రమే పెంచగలిగితే లాభమన్నది పట్టుపరిశ్రమలో పాత కోరిక. ఆ దారిలో ఏ జన్యువును ముట్టుకోవాలో ఎంచుకునే పరిశోధకుడు, ఈగ నుండి అరువు వచ్చిన వ్యాఖ్యానాన్ని నిజమని నమ్మితే సంవత్సరాల శ్రమ వృథా కాగలదు.

ఒక జన్యువు ఫలానా పని చేయదని ప్రయోగంలో తేలితే దానిని కూడా నమోదు చేయవచ్చును. పదానికి ముందు "కాదు" అనే విశేషణం చేరుస్తారు. వ్యాఖ్యానం లేకపోవడమూ, "కాదు" అని వ్యాఖ్యానం ఉండడమూ ఒకటి కాదని గుర్తుంచుకోవాలి. మొదటిది ఎవరూ చూడలేదని చెబుతుంది. రెండవది చూశాక లేదని చెబుతుంది.

హైదరాబాదు, హిందూపురం

2004లో చైనా, జపాను బృందాలు వేర్వేరుగా పట్టుపురుగు జన్యుసర్వస్వపు చిత్తుప్రతులను ప్రచురించాయి. 2008లో రెండింటినీ కలిపి మెరుగైన ప్రతిని వెలువరించారు. అందులో సుమారు 14,600 జన్యువులను గుర్తించారు. 2019 నాటి జపాను ప్రతిలో ఈ సంఖ్య 16,880.

ఇదే కాలంలో హైదరాబాదులోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ మరియు డయాగ్నొస్టిక్స్ కేంద్రంలో జె. నాగరాజు నాయకత్వాన పట్టుపురుగు జన్యుశాస్త్రంపై విస్తృతంగా కృషి జరిగినది. ఈ బృందం 2005లో పట్టుపురుగు మైక్రోశాటిలైట్ల సమాచార కోశాన్ని, 2008లో వైల్డ్‌సిల్క్‌బేస్ అనే మరొక కోశాన్ని ప్రచురించినది. రెండవది అడవి పట్టుచిలుకలకు సంబంధించినది. అస్సాము ముగా, దసలి పట్టునిచ్చే టస్సర్, ఆముదపు ఆకు తినే ఎరి - ఈ మూడు జాతుల వివిధ అవయవాల నుండి సేకరించిన 57 వేలకు పైగా జన్యుశకలాలు అందులో చేర్చబడినవి. జన్యువు పేరు తెలియనివారు కూడా జీన్ ఆంటాలజీ పదంతో వెతికే ఏర్పాటు అందులో ఉండేది. అప్పటికి ఆ మూడు జాతుల జన్యుసర్వస్వాలేవీ వెలువడలేదు. శకలానికి ఎక్కడో ఒకచోట పోలిక దొరికితే, ఆ పోలికతో పాటు వచ్చిన పదమే దారి చూపేది. ఆ స్థితిలో అరువు పదం కూడా విలువైనదే. నాగరాజు 2012లో మరణించాడు.

హిందూపురం సమీపాన కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉన్నది. ఈ సంస్థ, హైదరాబాదు కేంద్రం, ఫ్రాన్సు శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధన 2013లో జెనెటిక్స్ పత్రికలో వచ్చినది. అది పాలరోగానికి సంబంధించినది. వైరసుకు అత్యవసరమైన పలు జన్యువులను ఒకేసారి అణచివేసే ఆర్‌ఎన్‌ఏను పట్టుపురుగే తయారుచేసుకునేట్లు జన్యుమార్పిడి చేసి, ఆ పురుగులు వైరసును తట్టుకుంటున్నట్లు చూపారు.

ఈ పరిశోధనను జీన్ ఆంటాలజీలో ఎలా వ్రాయాలి? ఇక్కడ పదజాలం హద్దు కనిపిస్తుంది. జన్యువు సహజంగా, ఆరోగ్యవంతమైన స్థితిలో చేసే పనిని మాత్రమే ఇది వర్ణిస్తుంది. పాలరోగం అనే జబ్బుకు ఇందులో పదం లేదు, క్యాన్సరుకూ లేదు. జబ్బులకు వేరే పదజాలాలు ఉన్నాయి. మనిషి చొప్పించిన జన్యువు చేసే పనికి కూడా ఇందులో చోటు లేదు. పట్టుపురుగు తన సొంత జన్యువులతో వైరసును ఎదుర్కొంటే మాత్రం దానికి పదం ఉన్నది: వైరసుపై రక్షణ చర్య, జీఓ:0051607. వైరసు తన నకళ్ళను తయారుచేసుకునే ప్రక్రియకు కూడా ప్రత్యేక పదాలున్నాయి. వైరసు దృష్టిలో అది జబ్బు కాదు, బ్రతుకు.

లెక్కలలో వాడుక

నేడు ఈ పదజాలాన్ని ఎక్కువగా వాడేది జన్యువుల జాబితాలను అర్థం చేసుకోవడానికి. వైరసు సోకిన పురుగులనూ, సోకని పురుగులనూ పోల్చి చూస్తే కొన్ని వందల జన్యువుల స్థాయి మారినట్లు తెలుస్తుంది. ఆ పేర్ల పట్టిక చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. అప్పుడు వేసే ప్రశ్న: ఈ పట్టికలో ఏదైనా పదం ఉండవలసినదాని కంటే ఎక్కువసార్లు కనిపిస్తున్నదా?

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. మొత్తం 15,000 జన్యువులలో 150కి, అంటే నూటికి ఒకదానికి, రక్షణ చర్య అనే పదం ఉన్నదనుకుందాం. మన పట్టికలో 200 జన్యువులు ఉంటే, యాదృచ్ఛికంగా అందులో రెండింటికి ఆ పదం ఉంటుంది. పన్నెండు కనిపిస్తే అది కాకతాళీయం కాకపోవచ్చును. గోతాంలోంచి గుప్పెడు గింజలు తీసి అందులో రాళ్ళు లెక్కించే లెక్క ఇదే. గణాంకశాస్త్రంలో దీనిని హైపర్‌జామెట్రిక్ పరీక్ష అంటారు.

ఇందులో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మొదటిది, ఒకేసారి వేల పదాలను పరీక్షించడం. నూటికి ఐదు తప్పులను అనుమతిస్తూ వెయ్యి పదాలను పరీక్షిస్తే, ఏ విశేషమూ లేకపోయినా సుమారు యాభై పదాలు విశేషంగా కనిపిస్తాయి. అందుకు సవరణ చేయాలి. రెండవది గోతాన్ని సరిగా ఎంచుకోకపోవడం. పట్టుగ్రంథి నుండి తెచ్చిన పట్టికను పురుగులోని మొత్తం జన్యువులతో పోలిస్తే ప్రోటీను స్రావం అనే పదం పైకి తేలుతుంది. పట్టుగ్రంథి చేసే పనే అది! పట్టుగ్రంథిలో చురుకుగా ఉన్న జన్యువులతోనే పోల్చాలి.

మూడవ ఇబ్బంది పొరపాటు అనదగినది కాదు. ఎక్కువమంది పరిశోధించిన జన్యువులకు ఎక్కువ పదాలు ఉంటాయి. చిలుకలకే ప్రత్యేకమైన జన్యువులకు ఈగలో జోడు లేదు గనుక ఏ పదమూ ఉండదు, అవి లెక్కలోనికే రావు. పట్టుపురుగును పట్టుపురుగుగా చేసే జన్యువులు చాలావరకు ఈ మౌనంలోనే ఉన్నాయి.

లభ్యత, తెలుగు పదాలు

జీన్ ఆంటాలజీని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చును. మూలాన్ని పేర్కొంటే చాలు. అంతర్జాలంలో అమిగో, క్విక్‌గో అనే పుటల ద్వారా పదాలను, వ్యాఖ్యానాలను వెతకవచ్చును. పట్టుపురుగుకు సంబంధించినవి మాత్రమే కావాలంటే జీవుల వర్గీకరణ సంఖ్య 7091 ఇవ్వాలి. వ్యాఖ్యానంలో తప్పు కనిపిస్తే కాన్సార్టియంకు తెలుపవచ్చును; అందుకు పరిశోధనావ్యాసం ఆధారంగా చూపాలి.

పదాల పేర్లు, నిర్వచనాలు ఆంగ్లంలో ఉన్నవి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాల ద్వారా సమవిభజన, క్షయకరణ విభజన, కేంద్రకం, కణాంగం వంటి మాటలు మనకు స్థిరపడినవి. సూక్ష్మమైన భావాలకు వచ్చేసరికి స్థిరమైన తెలుగు మాటలు తక్కువ. ఈ వ్యాసంలో వాడిన అణు కార్యం, జీవ ప్రక్రియ, కణ స్థానం అనేవి అర్థాన్ని బట్టి వాడినవి. వేరే పుస్తకంలో వేరే మాటలు కనిపించవచ్చును. తెలుగులో వ్రాసేవారు తమ మాట పక్కన ఏడంకెల సంఖ్యను కూడా ఇస్తే, ఏ మాట వాడినా పాఠకుడు సరైన భావానికి చేరుకోగలడు.